ఆగా సాబ్ పెట్టెలో రెండు స్వరాలు

అది 1966వ సంవత్సరం, చెరుకు కోతల కాలం. నిజామాబాద్ పెద్దబజార్‌లో మా బాపుకు హార్మోనియం రిపేరు దుకాణం ఉంది. ముందు గదిలో బాపు కూర్చునేవాడు. వెనక గదిలో నేను పనిచేసేదాన్ని. రెండు గదుల మధ్య ఒక గోనెపట్టా తెర వేలాడుతుండేది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని మనిషిని కాబట్టి ఆ తెర నాకు బాగా నచ్చేది.

బాపుకు కుడిచెవి చీము పట్టి ఎప్పుడో పోయింది, ఎడమచెవి సగమే పనిచేసేది. కర్రపని, తోలుపని ఆయనే చేసేవాడు. శ్రుతిపని నాది. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు. భజన మండలి వాళ్ళు, భాగోతం వాళ్ళు, దర్గాలో కవ్వాలీ పాడేవాళ్ళు పెట్టెలు తెచ్చి ఇచ్చేవారు, మూడునాలుగు రోజుల తరువాత వచ్చి తీసుకుపోయేవారు. మిస్త్రీ చెవి బంగారం అనేవారు. ఆ చెవి నాది.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. హార్మోనియంలో ప్రతి మెట్టు కింద ఒక ఇత్తడి నాలుక ఉంటుంది. దాన్ని రీడ్ అంటారు. తిత్తి నుంచి, అంటే బెల్లోస్ నుంచి, వచ్చే గాలికి అది అదిరి పలుకుతుంది. రీడ్ కొసను సన్నగా గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. దీన్ని స్క్రేపింగ్ అంటారు. గీకిన ఇత్తడి మళ్ళీ అతకదు. కొస గీకి పైకి తెచ్చిన రీడ్‌ను మొదలు గీకి కిందికి దించవచ్చు గాని, రెండు వైపులా పలచబడుతుంది. ఏ రీడ్ అయినా ఇలాంటి పనికి కొన్నిసార్లే ఓర్చుకుంటుంది.

స్వరం సరిగ్గా ఉందో లేదో బీట్స్ చెబుతాయి. కొంచెం తేడా ఉన్న రెండు రీడ్లను ఒకేసారి పలికిస్తే ధ్వని అలలు అలలుగా ఊగుతుంది. ఆ ఊపులే బీట్స్. తేడా తగ్గేకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది, స్వరాలు కలిసిపోయినప్పుడు ఆగిపోతుంది. మా దుకాణంలో కచ్చితంగా శ్రుతి చేసి పెట్టుకున్న మాస్టర్ బాక్స్ ఒకటి ఉండేది. వచ్చిన పెట్టెను దాని పక్కన పెట్టి, బాపు జేబుగడియారం చూస్తూ పది సెకన్లకు ఎన్ని ఊపులో లెక్కపెట్టేదాన్ని.

లెక్క డైరీలో రాసుకునేదాన్ని. ఎనిమిదో తరగతి నుంచి నాకు డైరీ అలవాటు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల గురించి రెండు వాక్యాలు, చేసిన పెట్టె గురించి నాలుగు వాక్యాలు రాసేదాన్ని. బాపు నవ్వేవాడు.

"పెట్టెలకు జాతకాలు రాస్తున్నవా బిడ్డా?"

"మళ్లొస్తే అక్కరకొస్తది గద బాపు."

"మళ్లొస్తే మనం సరిగ జెయ్యలేదన్నట్టు."

ఆ చెరుకు కాలంలో బోధన్ నుంచి ఒక పెట్టె వచ్చింది. ప్రతి పెట్టె పిడికి మేము ఒక చీటీ కడతాం. పేరు, ఊరు, ఏం బాగాలేదో దాని మీద ఉంటుంది. జాబ్ కార్డ్ అంటాం. ఈ కార్డు మీద బాపు చేత్తో ఇలా రాసి ఉంది: "ఆగా సాబ్. బోధన్, చక్కెర గోడౌన్. గాలి పోతుంది." పెట్టె ఇచ్చిన మనిషిని తెర చిరుగులోంచి చూశాను. పొడుగ్గా ఉన్న ముసలాయన, మెడకు ఉన్ని రుమాలు చుట్టుకున్నాడు. బాపుతో రెండే మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు.

గాలి పోవడం చిన్న పని. తిత్తి మడత దగ్గర తోలు చీలింది. బాపు కొత్త తోలు అతికించి ఆరబెట్టాడు. తరువాత పెట్టె వెనక గదికి వచ్చింది. మా దుకాణం నుంచి అపస్వరంతో పెట్టె బయటికి పోకూడదన్నది బాపు నియమం. అందుకని కార్డులో రాయకపోయినా ప్రతి పెట్టెనూ మెట్టుమెట్టూ చూసి పంపేవాళ్ళం. ఆ పెట్టెలో పది స్వరాలు బాగున్నాయి. గ, ని మాత్రం దిగి ఉన్నాయి. ఆ రోజు నా డైరీలో ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను:

"ఆగా సాబ్ పెట్టె. అన్నిటికంటే కింది గ, మాస్టర్ బాక్స్ గ తో పది సెకన్లకు 24. కింది ని 35. రెండూ దిగినవి. పై స్థాయిల్లో కూడా ఇవే రెండు, ఇదే కొలత. విచిత్రం. మొత్తం పన్నెండు రీడ్లు. సరిచేశాను."

మూడు స్థాయిలు, ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లు. అన్నిటి కొసలు గీకి పైకి తెచ్చేసరికి పొద్దు వాలింది. విచిత్రం అని నా చేత్తోనే రాశాను. తుప్పు పడితే ఒక రీడ్ ఎక్కువ దిగుతుంది, ఒకటి తక్కువ దిగుతుంది. పన్నెండు రీడ్లు ఒకే కొలతలో దిగవు. అది తెలిసి కూడా బాపును అడగలేదు. ఆగా సాబ్ కు పోస్టుకార్డు రాసి అడగవచ్చునన్న ఆలోచనే రాలేదు. శ్రుతుల మీద లైబ్రరీలో ఉన్న రెండు పుస్తకాలూ చదివి ఉన్నాను. నాకు తెలుసనుకున్నాను.

మంగళవారం పదకొండు గంటలకు ఆగా సాబ్ పెట్టె కోసం వచ్చాడు. వెంట ముప్పై ఏళ్ళ మనిషి ఒకాయన ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకుని, చేతిలో బరువైన నల్లపెట్టె పట్టుకున్నాడు. ఆయన పేరు వాసుదేవ్. మద్రాసులో ఒక సంగీత దర్శకుడి దగ్గర వయొలిన్ వాయిస్తూ సహాయకుడిగా పనిచేస్తాడని, నల్లపెట్టె టేప్ రికార్డర్ అని మాటల్లో తెలిసింది.

"జానపద చిత్రమండీ," అని బాపుకు చెబుతున్నాడు. "రాజకుమారుడు ఒంటెల బిడారుతో ఎడారి దాటి దానిమ్మతోటల దేశానికి పోతాడు. మా గురువుగారికి ఆ దేశపు సంగీతమే కావాలి. ఇరాన్ రికార్డులు బొంబాయి నుంచి తెప్పించుకుని ఆరునెలలుగా వింటున్నారు. కాబూల్ రేడియో పట్టుకోవడానికి మేడ మీద తీగ కట్టించారు. రబాబ్ అనే తీగవాద్యం వాయించేవాణ్ణి సంపాదించాం. డోలు సంపాదించాం. ఆ రికార్డుల్లో ఉండే రెండు స్వరాలు పలికించే మనిషే దొరకలేదు."

"మద్రాసుల దొరకనోళ్లు బోధన్‌ల దొరికిండ్రా?" అన్నాడు బాపు.

"మా బావగారు ఇక్కడ ఫ్యాక్టరీలో కెమిస్టు. కిందటేడు వచ్చినప్పుడు గోడౌన్ చూపిద్దామని లోపలికి తీసుకెళితే బస్తాల మధ్య నుంచి వినపడింది. నిలబడిపోయానండీ."

ఆగా సాబ్ బల్ల మీద పెట్టె తెరిచాడు. స, రి పలికాయి. గ దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. మళ్ళీ గ దగ్గర ఆగాడు. ఎడమచేయి తిత్తి మీదనే ఉండిపోయింది.

"ఇది నాది గాదు, మిస్త్రీ సాబ్."

"గట్లెట్లంటవు ఆగా సాబ్? మూలకు గీ గీత నీదే, గీ కాలిన మచ్చ నీదే. కార్డు మీద పేరు సుత నీదే."

"పెట్టె నాదే. లోపటిది నాది గాదు."

బాపు మెల్లగా వివరించాడు. ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "లోపట అపస్వరం ఉండె. నువ్వు అడగకున్న తీసేసినం. గ, ని రెండు దిగిపోయినయి. తుప్పు."

వాసుదేవ్ టేప్ రికార్డర్‌ను నేల మీద పెట్టేశాడు. "ఏం తీసేశారండీ?"

"అపస్వరం."

"అయ్యో మిస్త్రీగారూ! ఆ రెండింటి కోసమే నేను మద్రాసు నుంచి వచ్చాను."

తరువాత ఆగా సాబ్ మాట్లాడాడు. గొంతు గరగరలాడుతోంది, ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటున్నాడు. వాళ్ళది హెరాత్ వైపు. నిజాంసాగర్ కట్ట కట్టే రోజుల్లో రాయి మోయడానికి కంచరగాడిదలు తోలుకుని వాళ్ళ తండ్రి ఇక్కడికి వచ్చాడు. వెంట దోతార్ తెచ్చుకున్నాడు. దోతార్ అంటే పొడుగు మెడ, రెండు తీగలు ఉన్న వాద్యం. దాని మెట్లు దారంతో కట్టినవి, కావలసిన చోటికి జరుపుకోవచ్చు.

"అటు ఇరాన్, ఇటు కాబూల్, నడుమ మా ఊరు. మా పాట సుత నడుమనే ఉంటది," అన్నాడు. "కాలువ పక్క ఇల్లు, చెమ్మ. దోతార్‌కు చెద పట్టింది. అది పోకముందే మా అబ్బా హైద్రాబాద్ మిస్త్రీ ముంగట కూసోని, ఆ రెండు సురాలు దోతార్ల పలికిస్తుంటే మిస్త్రీ గీ పెట్టెల దించిండు. దోతార్ పోయింది. అబ్బా పోయిండు. నా గొంతు ఉంటే పాడి చూపుతుంటి. పాడే గొంతు దవాఖాన్ల ఆపరేషన్ జేసి డాక్టర్ తీసిండు, మిగిలిన రెండు సురాలు మీరు తీసిండ్రు. మంచిగ తీసిండ్రు, ఒక్క పైస అడగకుండ తీసిండ్రు."

వాసుదేవ్ రుమాలుతో మొహం తుడుచుకుని, రేపు సాయంత్రం ఐదింటికి తన రైలు అని, శుక్రవారం మద్రాసులో రికార్డింగ్ థియేటర్ తీసుకుని ఉన్నారని, ఇక గురువుగారికి ఏం చెప్పాలో తెలియదని అన్నాడు.

తెర వెనక నా ఒడిలో డైరీ ఉంది. ఆ పుట తెరిచి పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. బాపు తుప్పు అన్నాడు, తుప్పుగానే ఉండిపోతుంది. తప్పు ఆయన మీద పడుతోంది, నా మీద కాదు. తెర పక్కకు తీసి బయటికి వచ్చాను. వాళ్ళ మొహాలు చూడలేక బాపునే చూస్తూ మాట్లాడాను.

"బాపు, తీసేముందు లెక్కబెట్టి రాసుకున్న."

వాసుదేవ్ వెనక్కి తిరిగాడు. "ఎవరండీ ఈ అమ్మాయి?"

బాపు ఒక్క క్షణం నా వైపు చూశాడు. నా బిడ్డ అని ఊరుకుంటాడనుకున్నాను.

"నా బిడ్డ. చెవి దానిదే," అన్నాడు. "నాకు ఇనరాదు."

ఆగా సాబ్ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. కోపంగా చూడలేదు. పెట్టెలో గాలి ఎక్కడ పోతుందో వెతికే మనిషిలా చూశాడు.

"ఏం రాసినవు బేటీ? చదువు."

చదివాను. విచిత్రం అన్న మాట దగ్గర గొంతు తగ్గింది గాని, వదిలిపెట్టలేదు.

"విచిత్రమని రాసి, మళ్ల సరిజేసినవా?"

"అవును."

"మంచిది," అన్నాడు ఆగా సాబ్. "ఇరవై నాలుగో ఇరవై అయిదో నాకు తెల్వదు. ఇంటె తెలుస్తది. మళ్ల దించుతవా?"

"దించుత. గని రీడ్లు పలచబడ్డయి. విరగొచ్చు."

"విరగకున్న ఏం లాభమున్నది ఇప్పుడు? దించు."

ఆ మధ్యాహ్నమూ, మరునాడు పొద్దున్నా ఆగా సాబ్‌కు గోడౌన్‌లో కాపలా డ్యూటీ ఉంది. క్రషింగ్ కాలం, అంటే చెరుకు ఆడే కాలం కావడంతో సెలవు దొరకదు. కాబట్టి మేమే బోధన్ పోవాలని తేలింది. వాసుదేవ్ బావగారు గోడౌన్ అధికారితో మాట్లాడి మాకు అనుమతి ఇప్పించారు.

బుధవారం మొదటి బస్సులో బయలుదేరాం. బాపు ఒడిలో మాస్టర్ బాక్స్, నా ఒడిలో ఆగా సాబ్ పెట్టె.

"ఏంది మిస్త్రీ, తండ్రి బిడ్డలు భజనకు పోతున్నరా?" అన్నాడు కండక్టరు.

"తప్పు దిద్దుకోను పోతున్నం," అన్నాడు బాపు.

"దానికి రెండు పెట్టెలు గావాల్నా?"

ఎడపల్లి దాటాక దారంతా చెరుకు బండ్లే. బండి వెనక బండిగా మా బస్సు నడిచింది. బోధన్ చేరేసరికి తొమ్మిదయింది.

ఫ్యాక్టరీ దగ్గర దిగాం. చెరుకు గానుగల మోత నేల అదిరేలా ఉంది. రాత్రీ పగలూ ఆగదట. ఆ మోతలో బీట్స్ ఎవరికి వినపడతాయి? ఆగా సాబ్ గోడౌన్ తలుపు తీసి మమ్మల్నీ, టేప్ రికార్డర్‌తో ఎదురుచూస్తున్న వాసుదేవ్‌నూ లోపలికి నడిపించి తలుపు వేశాడు. మోత అక్కడితో ఆగిపోయింది. పైకప్పు దాకా చక్కెర బస్తాలు పేర్చి ఉన్నాయి, నడుమ మనిషి పట్టేంత సందు. గోనె, చక్కెర కలిసి ధ్వనిని తాగేస్తున్నాయి. నేను దగ్గితే నా దగ్గే నాకు కొత్తగా వినిపించింది. ఇన్నేళ్ళూ ఆయన ఇక్కడే ఎందుకు వాయించాడో అప్పుడు అర్థమైంది.

ఒక బస్తా మీద పలక వేసి పని మొదలుపెట్టాను. రీడ్ నాలుక కింద పలచటి రేకు దూర్చి, మొదలు దగ్గర గీరాలి. ఒక గీత, వినాలి. ఇంకో గీత, మళ్ళీ వినాలి. బాపు గడియారం పట్టుకుని పది సెకన్లయ్యాక నా భుజం తట్టేవాడు. ఆగా సాబ్ మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అలా కూర్చోమని నేను అడగలేదు.

కింది గ తో మొదలుపెట్టాను. పది సెకన్లకు ఎనిమిది.

"ఇంకా," అన్నాడు ఆయన.

పదిహేను. "ఇంకా."

ఇరవై. "ఇంకా, జర."

ఇరవై నాలుగు. మోకాలి మీద మూసి ఉన్న ఆయన చేయి తెరుచుకుంది.

"చాలునా?" అని అడిగాను.

"చాలుడు గాదు బేటీ. గదే."

అది నా డైరీలోని అంకె. ఆయన దాన్ని చెవితో ఒప్పుకున్నాడు. పనిలో నాకు దక్కిన మెప్పులన్నిటిలో నేను లెక్కలోకి తీసుకునేది ఇదొక్కటే.

తరువాత కింది ని, ముప్పై అయిదు. ఆ రెండు కుదిరాక పై స్థాయిల రీడ్లను వాటితో కలపడం తేలిక. ఒంటిగంట అయ్యేసరికి పదకొండు పూర్తయ్యాయి. మిగిలింది నడిమి స్థాయిలో గ, రెండు రీడ్లలో ఒకటి. పాట ఎక్కువగా తిరిగేది అక్కడే కాబట్టి ఆయన చేతికింద అన్నిటికంటే అరిగిన రీడ్ అదే. నేను చివరికి పెట్టుకున్నదీ అందుకే. మూడో గీతకు చిన్న చప్పుడు వచ్చింది. నాలుక మొదలుకంటా విరిగి నా వేలి మీద పడింది.

బాపు చేయి చాచి దాన్ని తీసుకున్నాడు. "దుకాన్‌కు పోయి కొత్తది దెచ్చి ఏస్త. రెండు గంటలు."

వాసుదేవ్ గడియారం చూసుకున్నాడు. నిజామాబాద్ పోయి రావడానికి, రీడ్ కుదర్చడానికి, మళ్ళీ రికార్డు చేసి రైలు అందుకోవడానికి వేళ లేదు. ఆ సంగతి మా నలుగురికీ తెలుసు.

"జోడీల ఒకటి ఉన్నది గద," అన్నాడు ఆగా సాబ్. "ఒంటిగ పలుకుతది. పలకనియ్యి."

వాసుదేవ్ తీగ లాగి టేప్ రికార్డర్ తిప్పాడు. ఆగా సాబ్ వాయించాడు. నాకు ఆ సంగీతం గురించి రాసే శక్తి లేదు. నేను గమనించినది మాత్రం చెబుతాను. నేను అపస్వరమని గీకేసిన స్వరం ఆ పాటలో దారిలో తగిలే స్వరం కాదు. పాట పోయి కూర్చునే చోటు అదే. మిగిలినవన్నీ దాని దగ్గరికి తీసుకుపోయే మెట్లు. నడిమి గ దగ్గర ధ్వని సగానికి పడిపోయి, ఒంటి రీడ్ సన్నగా పలికేది. ఆయన తడుముకోలేదు. అక్కడికి వచ్చినప్పుడల్లా తిత్తి కొంచెం మెల్లగా ఊదాడు, అది అలాగే ఉండాలన్నట్టు.

వాసుదేవ్ రైలు అందుకున్నాడు. వేసవిలో ఆయన దగ్గర నుంచి బాపు పేర ఉత్తరం వచ్చింది. లోపల సగం నాకు రాసిందే. బిడారు పాటకు నలభై మంది వాయిద్యకారులు కూర్చున్నారట. క్లారినెట్, ఆర్గన్ వంటివాటికి ఆ రెండు స్వరాలు పలకవు. వయొలిన్లు పలికిస్తే మిగిలినవాటితో కలవలేదు. పాడే ఆమెకు కూడా కష్టమైంది. చివరికి గురువుగారు పాటలో గ, ని మామూలు స్థానాల్లోనే ఉంచేశారు. "మీరు చేసినదే మేమూ చేశామండీ, నలభైమంది కలిసి," అని రాశాడు. రీ-రికార్డింగ్ అని ఇంకో పని ఉంటుంది. సినిమా అంతా తీశాక, బొమ్మ చూస్తూ నేపథ్య సంగీతం కలపడం. ఆ దశలో గురువుగారు పట్టుపట్టి, పాటకు ముందు ఒంటెలు మొదటిసారి కనిపించే చోట గోడౌన్ టేపునే ఉన్నది ఉన్నట్టు పెట్టించారట. అరనిమిషం కూడా లేదు.

సినిమా మా ఊరికి వచ్చేసరికి వానాకాలం. చెరుకు ఆడటం అయిపోయింది కాబట్టి ఆగా సాబ్ కు సెలవు దొరికింది. బోధన్ నుంచి వచ్చి మ్యాట్నీకి బాపు పక్కన కూర్చున్నాడు. నేను, అమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. ఇసుకదిబ్బ మీద మొదటి ఒంటె తల కనిపించింది. వెంటనే చక్కెర బస్తాల నడుమ నేను విన్న ధ్వని ఆ థియేటర్ అంతా నిండింది. స, రి, ఆ తరువాత గ.

నేల క్లాసు నుంచి ఈల వేశారు.

"ఆపరేటర్! మిషిని స్లో అయింది సూడు!"

"నిద్ర బోయిండు వాడు!"

"రీలు తిరుగుతలేదు బే!"

ఇంకొందరు కుర్చీలు చరిచారు. ఆపరేటర్ బెదిరిపోయాడేమో, బొమ్మ ఒకసారి వెలిగి మసకబారింది. ఇంతలో నలభైమంది వాయిద్యకారుల పాట మొదలైంది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. అమ్మ నా వైపు వంగి, "మంచిగైందా మిషిని?" అని అడిగింది. అయిందన్నాను.

ఆట విడిచాక బయట ఆగా సాబ్ గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. గొంతులో నుంచి నవ్వు శబ్దం రాదు గాని భుజాలు ఊగుతున్నాయి.

"ముప్పై ఏండ్లు గోడౌన్ల ఎలుకలు ఇన్నయి, ఒక్కటి గూడ ఏం అనలేదు," అన్నాడు బాపుతో. "ఇయ్యాల మంది కొట్లాడిండ్రు. అబ్బా ఉంటె ఖుష్ అయితుండె."

ఆ ఈలలు వేసినవారి మీద నాకు కోపం రాలేదు. వాళ్ళు నా కంటే తొందరపడింది ఏమీ లేదు. వాళ్ళు అరిచి ఊరుకున్నారు, నేను ఆకురాయి పట్టాను.

అప్పటినుంచి మా జాబ్ కార్డులో ఒక వరుస పెరిగింది. పేరు, ఊరు, ఏం బాగాలేదు, వీటి కింద "ఏది ముట్టకూడదు" అని ఉంటుంది. ఆ ప్రశ్న నేనే బయటికి వచ్చి అడగాలని బాపు షరతు పెట్టాడు. మొదట్లో మాట సరిగా వచ్చేది కాదు. అడిగితే చాలామంది నవ్వుతారు, అన్నీ చూడమనే చెబుతారు. ముప్కాల్ భజన మండలి పెద్దాయన ఒకాయన మాత్రం ఆలోచించి, పై స్థాయిలో చివరి మెట్టు పలకదు, దాన్ని అట్లనే ఉంచు, పలికిందంటే మా తమ్ముడు దాని దాక పాడుతనని ఎక్కుతడు అన్నాడు. రాసుకున్నాను. ఆ మెట్టు ఇప్పటికీ పలకదు. చెడిన దాన్ని గుర్తుపట్టే చెవి నాకు ముందే ఉంది. చెడిందో, ఎవరైనా కావాలని అలా ఉంచుకున్నారో చెవి చెప్పదని, నోరు తెరిచి మనిషిని అడిగితేనే తెలుస్తుందని ఈ పెట్టె వల్ల నేర్చుకున్నాను. నావంటి మనిషికి అది ట్యూనింగ్ కంటే కష్టమైన పని.

తరువాతి చెరుకు కాలానికి ముందు ఆగా సాబ్ పెట్టె మళ్ళీ వచ్చింది. తిత్తిలో ఎలుక కొరికిన రంధ్రం. తెర దాటి వచ్చి కార్డు, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను.

"ఏది ముట్టొద్దు ఆగా సాబ్?"

"గ. ని. మూడు స్థాయిలల్ల."

రాశాను. "నడిమి గ కు కొత్త రీడ్ తెచ్చి పెట్టిన. మీరు కూసుంటె ఇప్పుడే దించి ఏస్త."

ఆయన పెట్టె మూత మీద చేయి వేశాడు.

"దాన్ని సుత ముట్టకు. ఆ రెండు మా అబ్బా పెట్టినయి. ఆ ఖాళీ నువ్వు పెట్టినవు. ఉండనియ్యి."

కార్డు మీద అది కూడా రాశాను.